తిన్నడు నేర్చిన విద్య

శ్రీకాళహస్తి క్షేత్రమును దర్శించినవారెవరును కన్నప్పను స్మరింపక మరలరు. శివునకు కన్నిచ్చిన బోయయని పసిపిల్లలు సైతము అతనిని ఎఱుగుదురు. అయితే కన్నిచ్చిన ఆ దినము అతని పూజలో ఆఱవది మాత్రమే. దానికి ముందు పదునాఱేండ్ల బ్రదుకు గలదు. ఆ పదునాఱేండ్లలో అతడు అక్షరము దిద్దలేదు, మంత్రము వినలేదు, గుడి ముఖము చూడలేదు. అతడు పెరిగినది ధనుర్బాణముల నడుమ. నేర్చినది తండ్రి చెంతను, తండ్రి తోడి వేటకాండ్ర చెంతను. అట్టివానికి శివుని ఎట్లు పూజింపవలెనో ఎవరు చెప్పిరి? ఈ ప్రశ్నకు సమాధానము ఆ ఆఱు దినముల కథలో లేదు. అతని బాల్యములో వెదకవలెను.

కన్నప్ప ఎంతటి ప్రాచీనుడో ఆయనను కీర్తించినవారిని బట్టి తెలియగలదు. 7వ శతాబ్దమున కాళహస్తిని సేవించిన తిరుజ్ఞాన సంబంధులు తమ పదికములలో ఆయనను తలచిరి. 8వ శతాబ్దమున సుందరమూర్తి కూర్చిన భక్తుల పట్టికలో ఆయన పేరు గలదు. శంకరుల పేర ప్రసిద్ధమైన శివానందలహరిలో ఒక శ్లోకము ఆ వనచరునకే అంకితము. 12వ శతాబ్దమున, రెండవ కులోత్తుంగ చోళుని కాలమున, సేక్కిళారు రచించిన పెరియపురాణము 63 నాయనార్ల చరిత్రలను తెలుపుచు కన్నప్ప చరిత్రను మిక్కిలి విస్తరించి చెప్పినది. తెలుగున 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఉడుమూరి కన్నప్ప కథను చేర్చెను. 16వ శతాబ్దమున ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యమున తిన్నని బాల్యమును, వేటను, భక్తిని తెలుగుదనము ఉట్టిపడునట్లు వర్ణించెను. ఇచ్చట ముఖ్యముగా సేక్కిళారు చెప్పిన క్రమమునే అనుసరించుట జరిగినది. వేట వివరములు ఆయన చెప్పినంత నిండుగా వేఱొకచోట కానరావు.

పొత్తపినాడు తిన్నని జన్మభూమి. కడప సీమలో నందలూరు చేరువను పొత్తపియను గ్రామము నేటికిని గలదు. ఆ నాటిలో ఉడుప్పూరు అను బోయపల్లె ఉండెను. మనవారు దానినే ఉడుమూరు అందురు. ఏనుగు కొమ్ములు పాతిన కోట కంచె, వెలగమ్రాకులకు కట్టిన వేటకుక్కలు, ఇండ్ల ముంగిళ్ళలో బోయపిల్లలతో కలిసి ఆడుకొను పులికూనలు, ఏనుగు గున్నలు: ఇది ఆ పల్లెను గూర్చి పురాణము చూపు చిత్రము. ఆ పల్లెకు నాగడు దొర. అతని ఇల్లాలు తత్త. వారికి బహుకాలము సంతానము కలుగలేదు. కుమారస్వామికి మ్రొక్కులు చెల్లించి, కోళ్ళను నెమళ్ళను సమర్పించి, జాతర చేయగా కొడుకు పుట్టెను. తండ్రి తొలిసారి చేతులలోనికి తీసికొన్నప్పుడు బిడ్డ బరువుగా, దిటవుగా నుండుట చూచి తిన్నడని పేరు పెట్టెను. అరవమున తిణ్ అనగా గట్టిదనము.

తిన్నడు తప్పటడుగుల ప్రాయమున నుండగా ఒక చిన్న సంగతి జరిగెను. కథ చెప్పువారు సాధారణముగా దానిని విడిచిపెట్టుదురు. వేటలో ఇతర మృగములను రప్పించుటకై పెంచిన దీపపు పులి యొకటి ముంగిట కట్టియుండెను. అది నోరు తెఱచియుండగా బాలుడు దానిని గుహయనుకొని లోనికి చేయి చాచెను. తండ్రి చూచి అదరిపడి, ఒక చిగురుటాకు రెమ్మ చేతబట్టి బెదరించెను. కఱ్ఱ కాదు, కొరడా కాదు, ఆకురెమ్మ. అంతమాత్రమునకే బాలుని కన్నుల నీరు నిండెను. తల్లి వచ్చి ముద్దాడి ఓదార్చెను. సూర్యచంద్రులే కన్నులైనవాని నేత్రవ్యాధిని మాన్పబోవు కన్నులు అవియని సేక్కిళారు అచ్చటనే గుర్తుచేయుట మఱవలేదు. ఏనుగులను పడవేయు కఱకు బోయదొర బిడ్డ యెదుట చేతబూనిన ఆయుధము ఎంత మెత్తనిదో గమనింపదగును. అడవిలో అపాయము ఎచ్చట గలదో బిడ్డకు తెలియవలెను. అది తెలుపు చేతివలన బిడ్డకు గాయము కలుగరాదు. ఈ రెండును ఎఱిగిన తండ్రి నాగడు.

కొంచెము పెరిగినంతట తిన్నడు తోడి బాలురతో చిట్టడవికి పోవుట ఆరంభించెను. బొమ్మవిల్లు పట్టి ఆడెను. చెవులపిల్లులను, అడవిపంది పిల్లలను, కుక్కకూనలను, పులికూనలను పట్టి తెచ్చి ఇంటి ముంగిట చెట్లకు కట్టి పెంచెను. చంపుటకు పూర్వమే అతడు పెంచుట నేర్చెనన్నమాట. ఏ జంతువు ఏమి తినును, దేనికి బెదరును, ఎట్లు నిద్రించును అను జ్ఞానమంతయు ఆ ముంగిటనే అతనికి అబ్బినది. ధూర్జటి ఈ ఘట్టమున తెలుగు పల్లెల ఆటలను పేరుపేరున పలికించి తిన్నని మన ఊరి పిల్లవానిగా చేసెను. అది చదువుట ఒక ఆనందము.

అటుపిమ్మట విలువిద్య. నాగడు శుభదినము నిర్ణయించి, పల్లె పల్లెకు వార్త పంపి, ఏడు దినములు విందు చేసెను. బాలుని చేతికి పులినరముతో పేనిన కంకణమును రక్షగా కట్టిరి. పెద్దలు ఆశీర్వదించిరి. విలువిద్యలో ఆరితేరిన ఆచార్యుని చెంతకు అతనిని అప్పగించిరి. ఉపనయనము వలెనే ఇదియు ఒక దీక్షగా జరిగినది. ఆయుధమును పిల్లవాని చేతికి ఊరక ఇచ్చిపోలేదు. దానిని పట్టుటకు ఒక దినము, ఒక ఆచార్యుడు, పెద్దల యనుమతి కావలసియుండెను. పదునాఱవ యేడు వచ్చుసరికి తిన్నడు ఆ విద్యలో పరిపూర్ణుడయ్యెను.

అప్పటికి నాగడు ముదుసలియయ్యెను. కొండలలో ఏనుగులు, పందులు, ఎలుగులు పెచ్చు పెరిగి బోయల పైరులను పాడుచేయుచుండెను. బోయలు వచ్చి దొరకు విన్నవించుకొనిరి. తనకు మునుపటివలె వేటకు వెడలు శక్తి లేదని ఆతడు మొగమాటము లేక ఒప్పుకొనెను. ఇది చెప్పుట సులభము కాదు. జీవితమంతయు వింటి బలముతో ఏలినవాడు విల్లు దించుటకు గొప్ప ధైర్యము కావలెను. నాగడు కొడుకును పిలిపించి, తన తోలుకవచమును చురకత్తిని అతని చేతికిచ్చి, ప్రజలకు లోటు రాకుండ చూచుకొమ్మని, ఆచారము తప్పక వేట సాగింపుమని చెప్పెను. ఊరి దేవరను కొలుచు దేవరాట్టి యను వృద్ధురాలు వచ్చి నిండు మనసుతో దీవించెను. తండ్రి అలసటను చూచి తిన్నని హృదయము చలించెను. అయినను ఆజ్ఞను శిరసావహించి నమస్కరించెను. అది అతని కన్నివేట, అనగా తొలివేట.

ఆ వేటను సేక్కిళారు బహు పద్యములలో వర్ణించెను. తెల్లవారుజామున బోయలు కాలికి చెప్పులు తొడిగి, నడుమున తోలు బిగించి, డప్పులు కొమ్ములు మ్రోయగా వెడలిరి. కుక్కలు ముందు నడచెను. అడవి చుట్టును వలలు పన్నిరి. కేకలకు మృగములు పొదలు విడిచి పరుగులెత్తెను. బాణములు కురిసెను. రక్తపాతము లేని వేట యెట్లుండును? పురాణకర్త దానిని దాచలేదు. అయితే ఆ సందడి నడుమ ఒక పద్యమున ఆయన చెప్పిన మాట ఆగి ఆలోచింపదగినది. ఏనుగు గున్నలను ఆ బోయలు వెంటాడలేదు. పసికూనలను చంపలేదు. గర్భభారమున అడుగులు తడబడు ఆడు లేళ్ళను అలజడి పెట్టలేదు. వ్రాతలో లేని ఈ శాసనము పెద్దవారు పాటించుట చూచియే పిన్నవారు నేర్వవలెను. బాణము విడుచు నేర్పును ఆచార్యుడు నేర్పవచ్చును. ఎక్కుపెట్టిన బాణమును దించుట మాత్రము ప్రక్కన నిలిచిన పెద్దవాడు దించగా చూచియే పిల్లవానికి పట్టుబడును.

ఇది పురాణకల్పన యనుకొననక్కరలేదు. ఆంధ్రదేశమునకు దూరముగా ఖరగపురమున, సుభాష్‌పల్లి వంటి పేటలలో నివసించు తెలుగు కుటుంబములకు అడవిబిడ్డల వేట వినికిడి మాత్రము కాదు. ఆ పట్టణమునకు ఉత్తరమున పడమట మేదినీపురపు సాలవనములు వ్యాపించియున్నవి. అచ్చటి సంతాలులు వసంతకాలమున ఊళ్ళన్నియు కలిసి వేటకు వెడలుట తరతరముల ఆచారము. దానిని వారు సేంద్రా అందురు. ఆ వేటకు దిహిరి యను పూజారి యొకడు అధిపతి. వేటదినపు రాత్రి అడవిలోనే పెద్దలందఱు కూర్చుండి, ఊరి పంచాయితీలలో తేలని తగవులను విచారించి తీర్పు చెప్పెడివారు. దొర యైనను ఆ సభ యెదుట నిలువవలసినదే. తండ్రుల వెంట, మేనమామల వెంట వచ్చిన బాలురకు ఆ రాత్రి న్యాయస్థానముగను బడిగను కూడ ఉండెను. కాలము మాఱినది. అడవులు క్షీణించినవి, మృగములు అరుదైనవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప దేశమున అట్టి వేట నేరమైనది. 2018 ఏప్రిలులో లాల్‌గఢ్ అడవిలో దారితప్పి వచ్చిన పెద్దపులి యొకటి పోట్లతో చచ్చిపడియుండుట చూచి ఎందఱో వ్యథ చెందిరి. నేటి బాలునకు విల్లు చేతికిమ్మని ఎవరును చెప్పబోరు. కాని తిన్నని కాలమున బోయవానికి వేట వినోదము కాదు. అది పైరును కాచుకొనుట, కడుపు నింపుకొనుట, ఊరిని నిలుపుకొనుట. అతని కథను ఆ దృష్టితో చదువవలెను.

వేట ముమ్మరముగా సాగుచుండగా బలిసిన అడవిపంది యొకటి వలలు తెంచుకొని కొండదారి పట్టెను. తిన్నడు దాని వెంటబడెను. మందిలో ఇద్దఱు మాత్రమే అతనిని విడువక అనుసరించిరి. వారు నాణుడు, కాడుడు. వీరిలో నాణుడు నాగనితో కూడ ఇదివఱకు ఆ కొండలలో వేటాడినవాడు. త్రోవలు, నీటిపట్టులు ఎఱిగినవాడు. పంది అలసి ఒక చెట్టు నీడను నిలువగా తిన్నడు బాణము వేయక, దగ్గఱకు పోయి చురకత్తితో దానిని రెండు తునకలు చేసెను. తోడివారు అతని శౌర్యమును మెచ్చుకొనిరి. ఆకలి, దప్పిక మిక్కుటమాయెను. స్వర్ణముఖీ నది చేరువనే కలదని నాణుడు త్రోవ చూపెను. అచ్చటి నుండి కాళహస్తి కొండ కనబడెను. కొండపై కుడుమిదేవరు గలడని, వలసినచో పోయి మ్రొక్కవచ్చునని నాణుడే చెప్పెను. ఆ మాట చెవిని పడినంతట తిన్నని మనస్సు మాఱిపోయెను. నడచినకొలది మోసిన బరువేదియో తనపై నుండి జాఱిపోవుచున్నట్లు అతనికి తోచెను. నిప్పు చేయుటకు కాడుని ఏటియొడ్డున ఉంచి, నాణునితో కొండ నెక్కెను.

లింగమును చూచినంతట అతడు పరుగెత్తిపోయి కౌగిలించుకొనెను. విల్లు చేతి నుండి జాఱిపడినది కూడ ఎఱుగడు. క్రూరమృగములు తిరుగు కొండమీద ఈ దేవుడు తోడెవ్వరును లేక ఒంటరిగా ఉండుటయా యని కన్నీరు కార్చెను. ధూర్జటి తిన్నడు ఇంకను ఒక మెట్టు ముందునకు పోయి, ఇల్లు వాకిలి ఆలుబిడ్డలు లేని ఈ యడవిలో ఏల యుందువు, మా ఉడుమూరికి రమ్మని స్వామిని బ్రతిమాలును. ఊరి పెద్ద తన వారినెవరిని అడవిలో ఒంటిగా విడిచిరాడు. అది వేటలోని తొలి పాఠము. తిన్నడు స్వామిని ఆ లెక్కలోనే చేర్చుకొనెను.

లింగముపై నీరు, ఆకులు కానవచ్చెను. ఇది చేసినదెవరని అతడు అడుగగా నాణుడు పాత సంగతి యొకటి చెప్పెను. మునుపు నాగనితో వేటకు వచ్చినప్పుడు ఒక బ్రాహ్మణుడు ఈ దేవునిపై చల్లని నీరు పోసి, ఆకులు పూవులు పెట్టి, తినుబండములు ముందుంచి, ఏవో మాటలు పలుకగా చూచితినని ఆతడు తెలిపెను. తిన్నడు పొందిన పూజోపదేశ మింతమాత్రమే. అదియు తండ్రి వేటనాడు ఒక వేటకాడు దారిన పోవుచు చూచి జ్ఞాపకముంచుకొన్నది! ఎవరికి ఎప్పుడు పనికివచ్చునని నాణుడు దానిని గుర్తుంచుకొనెనో! అడవిలో చూచినదేదియు వ్యర్థము కాదని ఎఱిగిన ముదుసలివాని కన్ను అది.

నీరు, పూవు, ఆహారము. ఈ మూడింటిని ఎట్లు సమర్పింపవలెనో నాణుడు చెప్పలేదు, చెప్పగలవాడును కాడు. ఇక తిన్నడు తనకు తెలిసిన విధముననే చేయవలసివచ్చెను. క్రిందికి దిగివచ్చుసరికి కాడుడు ఆరణి మథించి నిప్పు రాజేసియుండెను. తిన్నడు పంది మాంసమును కోసి, పుల్లలకు గ్రుచ్చి కాల్చి, ఒక్కొక్క ముక్కను పంట కొఱికి రుచి చూచి, కమ్మనిదానిని ఆకుదొప్పలో వేసి, తక్కినదానిని ఉమిసివేసెను. శాస్త్రము ప్రకారము ఇది ఎంగిలి. వేటకాండ్ర ధర్మములో మాత్రము దీనికి వేఱు అర్థము గలదు. మంచి ముక్క ఏదియో తెలియక పెద్దవానికి పెట్టరాదు. పచ్చిదియో చేదుదియో ముందు తాను చూడవలెను. అతని నోట మ్రింగకుండ ఉమిసిన ప్రతి ముక్కయు ఆకలిగొన్న వేటకాని ఉపవాసమే. నాణుడు, కాడుడు ఆకలితో చూచుచుండిరి. తమకు పెట్టడు, తాను తినడు. పిల్లవానికి పిచ్చి పట్టినదని నిశ్చయించి, దేవరాట్టిని నాగని పిలుచుకొని వచ్చుటకు పల్లెకు పరుగెత్తిరి. వారు పోయినది కూడ తిన్నడు గమనింపలేదు.

ఒక చేత విల్లమ్ములు, ఒక చేత ఆకుదొప్ప. నీటికి పాత్ర లేదు గనుక నోటినిండ నింపుకొనెను. పూవులకు చోటు లేదు గనుక తలవెండ్రుకలలో తుఱిమికొనెను. కొండ యెక్కి, చెప్పుకాలితో పాత పూవులను త్రోసివేసి, నోటి నీటిని స్వామిపై పోసి, తలపూలు రాల్చి, దొప్ప ముందుంచి తినుమని వేడుకొనెను. చీకటి పడెను. రాత్రులందు మృగములు తిరుగుననుట అతనికి తెలియనిదా? విల్లు ఎక్కుపెట్టి తెల్లవాఱు వఱకు ఱెప్ప వేయక కాపు నిలిచెను. మఱునాడు ఉదయమున మ్రొక్కి, స్వామికి ఆహారము తెచ్చుటకై వేటకు వెడలెను.

ఆ వెనుక వచ్చినవారు శివగోచరియను అర్చకులు. ఆగమవిధిని ఎఱిగిన మహాత్ములు. నిత్యము స్నానమాడి, శుచియై, మంత్రపూర్వకముగా పూజ చేయువారు. సన్నిధిలో ఎముకలు, మాంసము చూచి వారు తల్లడిల్లిరి. అంతయు తుడిచి, స్వర్ణముఖిలో మరల మునిగి, శుద్ధి చేసి పూజ సల్పిరి. సాయంకాలమునకు తిన్నడు క్రొత్త వేటతో వచ్చెను. ఈసారి మాంసమున తేనె కలిపెను. మఱునాడు మరల శివగోచరి దుఃఖము. ఇట్లు దినములు గడచెను. శివగోచరిని ఇచ్చట చులుకన చేసి కథ చెప్పువారు కొందఱు గలరు, అది తగదు. ఆయనయు తన పెద్దల వలన నేర్చిన దానినే ప్రాణప్రదముగా కాచుకొనుచుండెను. ఆయన కన్నీరును స్వామి చూచెను. అందువలననే ఆయనకు కలలో కనబడి, ఆ బోయవాని ప్రతి చేష్టయు తనకెంత ప్రియమైనదో తెలిపి, మఱునాడు మఱుగున నిలిచి చూడుమని ఆనతిచ్చెను.

ఈ నడుమనే నాగడు దేవరాట్టితో కొండకు వచ్చియుండెను. కథ యందు ఇది రెండు మూడు పద్యములలో ముగిసిపోవును గాని, ఒక తండ్రి గుండె అందులో గలదు. ముదిమి వయసున మ్రొక్కులతో పొందిన కొడుకు. నిన్ననే తన తోలును కత్తిని ఇచ్చి దొరను చేసిన కొడుకు. పిలిచినను పలుకడు, చూచినను గుర్తింపడు. నాగడు ఎన్ని విధముల చెప్పెనో, దేవరాట్టి ఎన్ని విధముల బ్రతిమాలెనో! ఏమియు సాగలేదు. ఇక చేయునది లేక వారు మరలిపోయిరి. మహాభారతములోని ధర్మవ్యాధుడు తల్లిదండ్రుల సేవయే తపస్సుగా ఇంటనే నిలిచెను. తిన్నడు తల్లిదండ్రులను విడిచి కొండపై నిలిచెను. ఇద్దఱును బోయలే, ఇద్దఱును ధన్యులే. అయినను వట్టి చేతులతో దిగిపోయిన నాగని తలచినప్పుడు మనస్సు బరువెక్కకమానదు. తాను నేర్పిన విద్యయంతయు ఆ కొండమీద ఒకనికి కైంకర్యమగుచున్నదని ఆ తండ్రి ఆనాడు ఎఱుగడు.

ఆఱవనాడు తిన్నడు వేట ముగించి వచ్చుచుండగా పక్షుల కూతలు అపశకునములై వినబడెను. రక్తము చూడవలసివచ్చునని అతని మనస్సు చెప్పెను. ఇదియు అడవి నేర్పిన భాషయే. పరుగున వచ్చి చూడగా స్వామి కుడికంట రక్తము కాఱుచుండెను. చేతిలోని మాంసము, విల్లు, నోటి నీరు, తలపూలు అన్నియు జాఱిపోయెను. క్రింద పడి పొరలెను. తరువాత అతడు చేసిన పనులను క్రమముగా చూడవలెను. మొదట లేచి, విల్లందుకొని, గాయపఱచిన శత్రువును వెదకెను. ఏ దిక్కునను వేటకాడు లేడు, మృగము లేదు. అటుపిమ్మట అమ్ముగాయములకు బోయలు వాడు మందాకులు తెలిసియుండుటచే అడవిలోనికి పరుగెత్తి, వానిని పెఱికి తెచ్చి నలిపి పసరు కంటిలో పిండెను. రక్తము ఆగలేదు. అప్పుడు పెద్దలు చెప్పిన పాతమాట యొకటి స్ఫురించెను: దేహమున ఒకచోట చెడిన దానికి మందు ఆ దేహధాతువే, అనగా మాంసమునకు మాంసము. సామాన్యుడు ఆ మాటను మఱవియుండును, లేదా గుర్తుకు వచ్చినను గుర్తురానట్లు నటించియుండును. తిన్నడు సంతోషముతో కూర్చుండి, అమ్ముమొనతో తన కన్ను పెఱికి స్వామి కంట పెట్టెను. రక్తము నిలిచెను. అతడు ఆనందముతో గంతులు వేసెను.

అంతలో ఎడమకంట రక్తము మొదలయ్యెను. ఈసారి అతనికి దిగులు లేదు, మందు తెలిసినది. ఒక్కటే చిక్కు. రెండవ కన్ను కూడ తీసినచో స్వామి కన్ను ఎచ్చట నున్నదో ఎట్లు తెలియును? వేటకాడు తడుముకొని పోవలసిన చోట ముందుగా గుర్తు పెట్టుకొనును. అతడు చెప్పుకాలిని స్వామి ఎడమకంటిపై మోపి, అమ్ము చేతబట్టెను. చాటున నిలిచిన శివగోచరి చూచుచునేయుండెను. రాతి నుండి స్వామి హస్తము వెలువడి తిన్నని చేయి పట్టుకొనెను. ఆగుమని స్వామి ముమ్మారు పలికి, కన్నప్పా యని పిలిచి, తన కుడివైపున శాశ్వతముగా నిలుచు వరమిచ్చెను. తండ్రి పెట్టిన పేరు మాఱినది ఆ క్షణముననే. అప్ప యనగా తండ్రి. ఆకురెమ్మకు కన్నీరు పెట్టిన పసివాడు స్వామి నోట తండ్రి యని పిలిపించుకొనెను.

కొండ పాదమున స్వర్ణముఖి యొడ్డున నేడు ఆకాశమంటు గోపురములతో శ్రీకాళహస్తీశ్వరాలయము వెలయుచున్నది. నిత్యము ఆగమోక్తముగా, శివగోచరి మార్గముననే, పూజ జరుగుచుండును. ప్రక్కన గల కొండపై కన్నప్పకు వేఱుగ చిన్న ఆలయము గలదు. మహాశివరాత్రి బ్రహ్మోత్సవములు వచ్చినప్పుడు తొలి ధ్వజము ఎగురునది స్వామి ఆలయమున కాదు, ఆ కొండమీద కన్నప్ప సన్నిధిని. అర్చకులు, మేళతాళములు, భక్తజనము మెట్లెక్కి పోయి బోయవానికి మొదటి మ్రొక్కు చెల్లింతురు. మఱునాడు గాని క్రింది ఆలయమున స్వామి ధ్వజము లేవదు.